ఆవుకి గాలి కొట్టిన రోజు

నాకు కోపం జాస్తి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది గానీ, నాతో పనిచేసిన వాళ్ళకు మొదటి రోజే తెలిసిపోయేది. డెబ్బైల చివర్లో పశువైద్యం చదువు ముగించుకుని అరకు కొండల్లోకి ఉద్యోగానికి వచ్చేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక ట్రంకుపెట్టె, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, లోకాన్ని సరిచెయ్యాలన్న తొందర, ఇవీ నా సామాను. ఆడపిల్ల పశువుల డాక్టరేమిటని కింద మైదానంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. కొండ మీద ఎవరూ వేసుకోలేదు. వాళ్ళు నన్ను చూసి ఆశ్చర్యపోయింది ఒక్క విషయానికే. నేను ఆవు పాలు తాగుతాను.

ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో అప్పట్లో ఆవును పితికేవారు కాదు. ఆవులుండేవి. ఎద్దులు పొలం దున్నేవి, పేడ సామ చేనుకి వెళ్ళేది. పాలు మాత్రం దూడవి, అందులో మనిషికి వాటా లేదు. "దూడ నోటికాడది నువ్వెలా తాగుతావమ్మా" అని అడిగేవారు, నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకుందామని. నేను విజయనగరం పక్క పల్లెలో, చెంబులో పాలధార చప్పుడు వినపడితే గానీ తెల్లారినట్టు ఒప్పుకోని ఇంట్లో పుట్టినదాన్ని. పొదుగులో పాలు వదిలేయడమంటే నాకు ఉడికిన అన్నం పొయ్యి మీదే వదిలేసి వెళ్ళిపోవడం. అందుకని ప్రతి సంతలోనూ పాల గురించి ఉపన్యాసం ఇచ్చేదాన్ని. జనం చివరిదాకా మర్యాదగా విని, ఆ తర్వాత ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని ఇంటికి పోయేవారు.

అలాంటి చోటికి ప్రభుత్వం వారు ఒక పథకం కింద చూడి ఆవుల్ని పంపారు. మైదానంలో కొన్న జెర్సీ సంకరం ఆవులు. ఘాటీ రోడ్డు మీద లారీలో వచ్చి, దిగేసరికి కళ్ళు తేలేసి ఉన్నాయి. డుంబ్రిగుడ దాటి గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఉన్న ఒక ఊరికి ఒక్క ఆవు కేటాయించారు. ఎవరూ తీసుకోనన్నారు. ఇంత పొదుగున్న జంతువుని మేం చూడలేదు, దీనికేదో జబ్బు ఉన్నట్టుంది అన్నారు. చివరికి ఒంటరిగా ఉండే ఒక పెద్దామె ముందుకొచ్చింది. ఆమెకి కొండవాలున రెండు మడిచెక్కలు, ఒక పాక, బయట చింతచెట్టు. పిల్లల్లేరు. "ఎవులూ వద్దంతే అది మాత్రం ఎక్కడికి పోద్ది. నా కాడ ఉంటాది" అంది, అంతే.

ఆమె అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని మాట్లాడేది కూడా. మొదటిసారి చూసినప్పుడు నేను బెదిరిపోయాను. బయటికి పొగ రాదు, మాట మాత్రం ధారాళంగా వచ్చేది. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆమెకి 'నువ్వే'. ఆ ఆవుతో రోజంతా కబుర్లు చెప్పేది. చేలో పంది పడిన సంగతి, వానకి పాక కారిన సంగతి, నా సంగతి కూడా చెప్పేదట. ఆవు కళ్ళ చుట్టూ నల్లటి అంచు ఉండేది, కాటుక పెట్టినట్టు. రెండు నెలల్లో అది ఆమె గొంతు వినపడితే తల తిప్పి చూడ్డం నేర్చుకుంది. ఆమెకి ఆ ఇంట్లో మాట వినే ప్రాణి అదొక్కటే.

వానాకాలం మధ్యలో ఆవు ఈనింది. దానికది మూడో ఈత. పెయ్యదూడ. కబురు తెలిసిన వెంటనే నేనూ మా కాంపౌండరుగారూ బయల్దేరాం. ఆయనది శృంగవరపుకోట దగ్గర పల్లె, వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, సైకిలంటే ప్రాణం. సైకిలు తొక్కడానికి వీలున్న చోట తొక్కేవారు, వీలులేని చోట భుజాన వేసుకుని నడిచేవారు. దాన్ని ఎక్కడా వదిలి వెళ్ళేవారు కారు.

వెళ్ళేసరికి తల్లీ పిల్లా క్షేమం. పొదుగు మాత్రం పగిలిపోతుందేమో అన్నంత నిండుగా ఉంది. చుట్టూ ఊరు ఊరంతా చేరింది. ఇంతకంటే మంచి అవకాశం ఎప్పుడొస్తుంది. నేను చీర కుచ్చెళ్ళు దోపి, బకెట్టు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

"దూడకి ఉంచు" అంది పెద్దామె.

"దూడ తాగింది పెద్దమ్మా. ఇంకా తాగితే పారుకుంటుంది. పొదుగులో పాలు నిలవుంటే వాపొస్తుంది. చివరి చుక్క దాకా తీసెయ్యాలి" అన్నాను, పుస్తకం చదివినట్టు.

"మా ఆవులకి ఎవులు తీత్తన్నారు, ఆటికేం అయిపోతంది?"

"మీ ఆవులు ఇచ్చేది గ్లాసెడు. ఇది ఇచ్చేది బిందెడు. రెండూ ఒకటేనా" అని విసుక్కున్నాను.

బకెట్టు నిండింది. చిక్కటి పసుప్పచ్చ పాలు. ఊరి జనం వంగి చూసి, ఇంత పాలు ఒక్క జంతువులో ఎలా పట్టాయా అని లోపల్లోపల లెక్కలు వేసుకున్నారు. తాగుతామని ఎవరూ అనలేదు. ఇక్కడ అసలు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఉపన్యాసంలో చెప్పలేదు. మైదానం వాళ్ళకి ఈనిన ఆవు మొదటి పాలు కనపడితే శాస్త్రం గుర్తుకు రాదు, జున్ను గుర్తుకొస్తుంది. కొండ మీదికి వచ్చి ఏడాదైంది, జున్ను మొహం చూసి ఏడాదైంది. కాంపౌండరుగారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. మాట్లాడుకోవలసిన అవసరం రాలేదు. క్యానుడు పాలు సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని తిరిగొచ్చాం. సాయంకాలం మళ్ళీ పూర్తిగా పితకమని ఊళ్ళో ఒకతనికి నేర్పి మరీ వచ్చాను. కాంపౌండరుగారి భార్య మేం తెచ్చిన పాలల్లో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించింది. నేను మూడు ముక్కలు తిన్నాను. నాలుగోది కూడా తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరి బారికి పరుగున వచ్చాడు. బారికి అంటే ఊరి కబుర్లు మోసే మనిషి. తమ వైపు గెడ్డ గట్టుదాకా వచ్చి, అవతలి ఊళ్ళవాళ్ళకి వినపడేలా కేకేసి చెప్పడం అతని పని. వానకి గెడ్డ హోరెత్తితే గట్టున నిలబడి నోరు ఎంత చించుకున్నా అవతలికి ఏమీ పోదు. ఆ రోజు మాత్రం నా గుమ్మం దాకా వచ్చి చెప్పాడు.

"ఆవు పడిపోనాది. లెగట్లేదు. ముసల్ది నిన్ను బేగి రమ్మంది."

నాకు జబ్బేమిటో చూడకముందే తెలిసిపోయింది, ఎవరి వల్ల వచ్చిందో కూడా తెలిసిపోయింది.

పుస్తకాల్లో దాన్ని పాలజ్వరం అంటారు. జ్వరం మాత్రం ఉండదు, ఒళ్ళు చల్లబడిపోతుంది. పాలెక్కువిచ్చే ఆవు ఈనగానే రక్తంలో ఉన్న కాల్షియమంతా పాలల్లోకి లాగేసుకుంటుంది. ఎముకల్లోంచి కొత్తది వచ్చేలోపల రక్తం ఖాళీ అవుతుంది. ఆ ఒకటి రెండు రోజులూ పొదుగులో కొంత పాలు ఉంచెయ్యాలి. చివరి చుక్క దాకా తీస్తే, పొదుగు ఖాళీగా ఉంది కదా అని మళ్ళీ నింపుకోవడం మొదలుపెడుతుంది, రక్తాన్ని మరింత పిండుతుంది. ఇదంతా నేను చదివాను. పరీక్షలో రాశాను. మార్కులు కూడా వచ్చాయి. ఆవు నరాల్లో ఉండాల్సిన కాల్షియం ఇప్పుడు నా కడుపులో బెల్లంతో కలిసి ఉంది.

మందు ఉంది. కాల్షియం సీసా మెడనరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తే, పడిపోయిన ఆవు అరగంటలో లేచి గడ్డి అందుకుంటుంది. పశువైద్యంలో అంత పేరు తెచ్చిపెట్టే మందు ఇంకోటి లేదు. మా ఆస్పత్రి అలమరలో ఆ సీసా సరిగ్గా ఒక్కటే ఉంది. దాన్ని తువ్వాలులో చుట్టి కాంపౌండరుగారి చేతికిచ్చాను. ఆయన దాన్ని సంచిలో పెట్టి సైకిలుకి తగిలించారు.

గెడ్డ దగ్గర ఆయన అలవాటు ప్రకారం సైకిలు భుజాన వేసుకున్నారు. "సైకిలు ఇక్కడే వదిలెయ్యండి" అన్నాను. "వదిలేస్తే ఎలాగమ్మగారూ" అన్నారు. నడిగెడ్డలో పాచి రాయి మీద కాలు జారింది. మనిషి పడ్డారు, సైకిలు పడింది, సంచి వెళ్ళి బండని కొట్టుకుంది. చప్పుడు చిన్నదే. సంచిలోంచి కారిన నీళ్ళు గెడ్డ నీళ్ళలో కలిసిపోయాయి. ఆయన మోకాలు కొట్టుకుపోయి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు, సంచి తెరిచి గాజుపెంకుల్ని చూస్తూ నీళ్ళలోనే కూర్చుండిపోయారు.

"నా వల్లే అమ్మగారూ" అన్నారు.

అంత కోపిష్టిదాన్ని, ఆ క్షణాన నాకు కోపం రాలేదు. "మీ వల్ల పగిలింది సీసా ఒక్కటే. ఆవుని పడగొట్టింది నేను. లేవండి" అన్నాను.

ఇంకో సీసా విశాఖపట్నం నుంచి రైల్లో రావాలి. కబురు పెట్టి, అది బండెక్కి, సొరంగాలన్నీ దాటి వచ్చేసరికి మర్నాటి మధ్యాహ్నం. బారికితో స్టేషనుకి కబురు పంపాను గానీ, ఆవుకి అంత సమయం లేదు.

పాక ముందు ఆవు బోర్లా కూలబడి ఉంది. మెడని పక్కకి మడిచి తల డొక్కకి ఆనించుకుంది. చెవులు మంచుముక్కల్లా ఉన్నాయి, ముట్టె ఎండిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఏమీ చూడటం లేదు. ఎవరో అప్పటికే గిన్నెతో చోడి అంబలి తెచ్చి నోట్లో పొయ్యబోతున్నారు. నేను అరిచిన అరుపుకి ఆ గిన్నె కిందపడింది. ఆ స్థితిలో ఆవు మింగలేదు, పోసిందంతా ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. అరిచాక చెప్పాను. ముందు చెప్పి అరవకుండా ఉండొచ్చు, కానీ నాకా వరస అప్పటికింకా రాలేదు.

పెద్దామె దూడని ఎత్తుకుని తీసుకొచ్చి తల్లి మూతి దగ్గర దించింది. దూడ ముక్కుతో పొడిచింది. ఆవు నాలుక కదల్లేదు.

"నిన్న దీన్ని ఒళ్ళంతా నాకినాది. ఇయాళ బిడ్డని గుర్తు పట్టనేదు" అంది. నోట్లో చుట్ట లేదు. అది లేకుండా ఆమె మొహం చూడటం నాకదే మొదటిసారి. ఏడుపు లేదు, కోపం లేదు, దారి తప్పిన మనిషిలా ఉంది. "నాను పిలిసినా సూడ్నేదు" అంది. 

మాకు శరీరధర్మ శాస్త్రం చెప్పిన మాస్టారు ఒకాయన ఉండేవారు, రిటైరయ్యే వయసు. నల్లబల్ల మీద రెండు నరాల కొసల్ని గీసి, వాటి మధ్య ఖాళీ వదిలేవారు. "చూడండి, తగలడం లేదు" అనేవారు, ప్రతి ఏడాదీ అదే కొత్తగా కనిపెట్టినట్టు. నరంలో కబురు పరిగెత్తుకొచ్చి కొస దగ్గర ఆగిపోతుంది. ఆ కొస గోడలో కంటికి కనపడనంత చిన్న తలుపులున్నాయి, కబురు రాగానే అవి తెరుచుకుంటాయి, బయట ఉన్న కాల్షియం లోపలికి తోసుకొస్తుంది. అది లోపలికొస్తేనే అక్కడ సిద్ధంగా ఉన్న మందుమూటలు పగిలి, ఆ మందు ఖాళీలో పడి అవతలి కణాన్ని తాకుతుంది. నరానికీ కండకీ మధ్య ఇంతే, మెదడులో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య ఇంతే అని చెప్పేవారు. కాల్షియం రాకపోతే కబురు కొసదాకా వచ్చి, అక్కడే చచ్చిపోతుంది. మేం సుద్దముక్క చుక్కల్ని నోట్సులో దించుకుని, నమ్మకుండా పాసయిపోయాం. ఆ తలుపుల్ని కాల్షియం చానెళ్ళు అంటారనీ, వాటిలో రకరకాలున్నాయనీ ఎనభైల్లో ఏదో పత్రికలో చదివాను. మెదడు సంగతి అంత సూటిగా ఉండదనీ, రక్తంలో కాల్షియం తగ్గినా మెదడు తన నీళ్ళలో ఉన్నదాన్ని అంత తేలిగ్గా వదలదనీ, మందగించడానికి నెత్తురు సరిగ్గా ఆడకపోవడం కూడా కారణమనీ అప్పుడే తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది సుద్దముక్క చుక్కలే. కానీ బిడ్డని నాకని తల్లిని చూశాక ఆ చుక్కల్ని నమ్మాను.

ఆ మాస్టారే ఒకసారి పాతకాలపు వైద్యం గురించి చెప్పారు. ఈ సీసాలు రాకముందు పాలజ్వరానికి పొదుగులోకి గాలి కొట్టేవారట. పొదుగు బిగిస్తే, నిండుగా ఉందని నమ్మి పాలు తయారుకావడం ఆగుతుందట, ఉన్న కాల్షియం రక్తంలోనే మిగులుతుందట. క్లాసంతా నవ్వింది. నేను నోట్సు అంచున 'సైకిలు షాపు' అని రాసుకున్నాను.

"కాంపౌండరుగారూ, మీ పంపు ఇవ్వండి" అన్నాను.

ఆయన మోకాలికి కట్టు కట్టుకుంటున్నవారు ఆగిపోయారు. "దేనికమ్మగారూ?"

"ఆవుకి గాలి కొట్టాలి."

ఆయన నా మొహం కేసి చూశారు. సీసా పగిలిన దిగులుతో నాకు మతి పోయిందనుకున్నారని ఆ చూపే చెప్పింది. అయినా పంపు ఇచ్చారు. ఆ పంపు ఎవరి చేతికీ ఇవ్వని మనిషి, అడగ్గానే ఇచ్చారంటే ఆయన ఎంత కుంగిపోయారో నాకు అర్థమైంది.

పొదుగు సన్నులోకి దూర్చే సన్నటి లోహపు గొట్టం నా సంచిలో ఉంది. దాన్ని నీళ్ళలో కుతకుత మరిగించాం. గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి, మధ్యలో శుభ్రమైన దూది కుక్కి, రెండో కొసకి పంపు బిగించాం. పొదుగు కడిగి, ఒక్కో సన్నులోకి గొట్టం పెట్టి నేను పట్టుకున్నాను, ఆయన పంపు కొట్టారు. ఒక పక్క బిగుసుకుని, వేలితో తడితే డప్పులా మోగేదాకా కొట్టాక, గాలి పోకుండా ఆ సన్నుకి గాజుగుడ్డ పీలిక వదులుగా కట్టాం. తర్వాత రెండోది. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. నా అన్ని ఉపన్యాసాలకీ కలిపి అంతమంది రాలేదు, అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ వినలేదు.

"ఏటి సేత్తన్నావు నా ఆవుని?" అంది పెద్దామె. దూడని ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే చతికిలబడింది. "అదేటి, సైకిలా?"

చేతులు పనిలో ఉన్నాయి, నోరు ఖాళీగా ఉంది. చెప్పడం మొదలుపెట్టాను. "పెద్దమ్మా, ఒంట్లో నరాలుంటాయి కదా. ఒక నరం ఇంకో దానికి తగలదు. మధ్యలో గెడ్డ ఉంటుంది."

"ఎంత గెడ్డ?"

"కంటికి కనపడనంత. మీ బారికి వచ్చి గట్టున నిలబడ్డట్టు, కబురు వచ్చి గట్టున నిలబడుతుంది. అక్కడ చిన్నచిన్న తలుపులుంటాయి. అవి తెరుచుకుని సున్నంలో ఉండే సరుకు లోపలికి పోవాలి. అది పోతేనే కబురు అవతలి గట్టుకి చేరుతుంది. లేకపోతే కాలికి లెగమని కబురొచ్చినా కాలికి వినపడదు."

ఆమె ఆలోచించింది. "తలుపులు పాడయినాయా?"

"లేదు. తలుపులు బాగానే ఉన్నాయి. సున్నమే లేదు."

"సున్నం ఏటైపోనాది?"

"పాలల్లోకి పోయింది."

"పాలేటైపోనాయి?"

పంపు చప్పుడు ఆగింది. కాంపౌండరుగారు నేలకేసి చూస్తున్నారు. అబద్ధం చెప్పడానికి నాకు సందు ఉంది, బకెట్టు ఒలికిపోయిందనొచ్చు, ఎవరికో ఇచ్చేశామనొచ్చు. కానీ ఆమె వరసగా తలుపులు తీసుకుంటూ అక్కడిదాకా వచ్చింది, మొహం మీద వేసెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"నేను పట్టుకెళ్ళాను."

"పట్టుకెళ్ళి?"

"జున్ను చేసుకుని తిన్నాం. అంత పాలు మొదటి రోజే తియ్యకూడదు పెద్దమ్మా. దూడకి ఉంచమని నువ్వు చెప్పావు. నేను వినలేదు. ఇది నా వల్ల వచ్చింది."

 ఆమె నా మొహాన్ని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బావుణ్ణు అనుకున్నాను.

"బాగుందా?" అంది.

"ఏమిటి?"

"అదే, నువ్వు తిన్నది."

"బాగుంది" అన్నాను. ఇంకేం అనగలను.

ఆమె తల పంకించి పొదుగు కేసి చూసింది. "అయితే దూడకి ఉంచాల్సిన సోటుని ఇప్పుడు గాలితో నింపుతన్నావు."

"అవును పెద్దమ్మా."

"కొట్టు మరి" అంది కాంపౌండరుగారితో.

నాలుగూ బిగిశాయి. ఇక చెయ్యడానికి ఏమీ లేదు. ఆవు ఒక పక్కకి ఒరిగిపోకుండా గడ్డిమోపులు దన్ను పెట్టి, మీద గోనెసంచులు కప్పి, అందరం కూర్చున్నాం. మొదటి అరగంట ఏమీ లేదు. గుండె మీద చెవి ఆనిస్తే చప్పుడు ఎక్కడో దూరాన నడిచిపోతున్నట్టుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అనుకున్నాను. అది చచ్చిపోతే ఈ మనిషికి ఏం చెప్పాలి. ఆమె నన్ను తిట్టలేదు కాబట్టి జీవితాంతం ఆ తిట్టు నేనే తిట్టుకోవాలి. నాకు ఏడుపొచ్చింది. బూట్లు సరిచేసుకుంటున్నట్టు వంగి కళ్ళు తుడుచుకున్నాను.

గంట దాటిందేమో. ఆవు భుజం దగ్గర చర్మం కింద ఏదో సన్నగా వణికింది, ఈగ వాలినప్పుడు వణికినట్టు. ఈగ లేదు. మళ్ళీ వణికింది, ఈసారి తొడ దగ్గర. నేను కాంపౌండరుగారి మోచెయ్యి పట్టుకున్నాను, గెడ్డలో దానికీ దెబ్బ తగిలిందని తర్వాత తెలిసింది.  ఆవు చెవి పట్టుకుని చూశాను, మొదలు దగ్గర కొద్దిగా వెచ్చబడింది. ఇంకాసేపటికి ఆవు పెద్దగా త్రేన్చింది. తర్వాత పేడ వేసింది. పేడని చూసి అంత సంతోషించిన మనుషుల గుంపుని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"బేగి లేపుదామా?" అన్నారెవరో.

"ఎవరూ ముట్టుకోవద్దు. దానంతటదే లేవాలి" అన్నాను, అరవకుండా.

పెద్దామె దూడని దించింది. అది తడబడుతూ వెళ్ళి తల్లి మూతిని మళ్ళీ ముక్కుతో పొడిచింది. ఆవు మెడ నెమ్మదిగా డొక్క మీంచి విప్పుకుంది. వాసన చూసింది. తర్వాత నాలుక బయటికొచ్చి దూడ నుదుటి మీదుగా, కంటి మీదుగా, చెవిదాకా ఒక్క నాకు నాకింది. పెద్దామె ఏదో అంది, మాటలు కాదు, రోజూ దాన్ని పిలిచే పిలుపు. ఆవు తల తిప్పి ఆమెని చూసింది.

వెనక కాళ్ళు ముందు లేచాయి. ఒకసారి కూలబడింది. రెండోసారి నిలబడింది, నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి, పొదుగు డోలులా బిగిసి ఉంది, సన్నులకి తెల్లటి పీలికలు. అంత హాస్యాస్పదమైన ఆవుని ఎవరూ చూసి ఉండరు. మొదట ఎవరు నవ్వారో తెలీదు. ఊరంతా నవ్వింది. కాంపౌండరుగారు నవ్వుతూనే ఏడ్చేశారు. పెద్దామె మాత్రం నవ్వలేదు. రొంటిన దోపిన చుట్ట తీసి, ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని, తృప్తిగా కూర్చుంది.

పీలికలు విప్పి, ఆ రోజంతా పొదుగుని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. మర్నాడు రైల్లో వచ్చిన సీసాల్లో ఒకటి మళ్ళీ పడిపోకుండా ఎక్కించాం. ఇంక అవసరం పడలేదు.

ఆస్పత్రికొచ్చాక కేసు రిజిస్టరు తెరిచాను. జబ్బు, మందు, ఫలితం రాశాక 'కారణం' అని ఒక గడి ఉంటుంది. కాంపౌండరుగారు నా వెనక నిలబడి, "అందులో 'తెలియదు' అని రాసెయ్యండమ్మగారూ, అందరూ అలాగే రాస్తారు" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. 'ఈనిన రోజే డాక్టరు సలహా మీద పాలు పూర్తిగా తీయుట' అని రాసి సంతకం పెట్టాను. రాస్తుంటే సిగ్గేసింది, రాశాక తేలికయింది.

నెల తిరక్కుండా విశాఖపట్నం నుంచి మా పై ఆఫీసరుగారు తనిఖీకి వచ్చారు. రిజిస్టరు తిరగేస్తూ ఆ గడి దగ్గర ఆగారు. రెండుసార్లు చదివారు. జీపు తీయించి, ఆవుని చూస్తానన్నారు. దారి పొడుగునా నేను మనసులో ట్రంకుపెట్టె సర్దుకుంటూనే ఉన్నాను.

గెడ్డ దగ్గర జీపు దిగి నడిచి వెళ్ళేసరికి ఆవు చింతచెట్టు కింద నెమరేస్తోంది. దూడ దాని చుట్టూ గెంతుతోంది. ఆఫీసరుగారు ఆవుని ముందు నుంచీ వెనక నుంచీ చూసి, పెద్దామె వైపు తిరిగారు.

"ఈ డాక్టరమ్మ వల్లే నీ ఆవు చావబోయిందట. ఆవిడే రాసింది. ఈవిణ్ణి మార్చేసి వేరే డాక్టరుని పంపించమంటావా?"

పెద్దామె నోట్లోంచి చుట్ట తీసింది. నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది.

"వద్దు. ఈ డాక్టరు గుంట సేసే తప్పు నా ఆవు మీద సేసేసినాది, మళ్ళీ సెయ్యదు. కొత్తోడొత్తే ఆడు సేసే తప్పుకి మళ్ళీ ఎవుల ఆవునివ్వాల?"

ఆఫీసరుగారు కాసేపు దూడ గెంతడం చూస్తూ నిలబడ్డారు. తర్వాత గెడ్డ దాటి వెళ్ళి జీపెక్కారు. నేను ఆ కొండల మీద మరో ఆరేళ్ళు ఉన్నాను.